భీముడు కాదురా, డిస్కస్ వాడు

పోయిన నెల మా తమ్ముడి కూతుర్ని ఆటల పోటీలకు నేను తీసుకెళ్ళాల్సి వచ్చింది. తమ్ముడికి ఆఫీసులో ఆడిటింగట, మరదలికి జ్వరం, ఇంట్లో ఖాళీగా కనిపించే మనిషిని నేనొక్కణ్ణే. పొద్దున ఏడింటికి గ్రౌండు దగ్గర దిగేసరికి ఇంకా మంచు వదల్లేదు. నేల మీద నీళ్ళు చల్లి ఉన్నారు, ఒకాయన అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నం పోసుకుని వంగి గీతలు వేసుకుంటూ పోతున్నాడు. తడి మట్టి మీద సున్నం పడితే ఒక వాసన వస్తుంది చూశారూ, వెల్ల వేసిన గోడ వాసన కాదు, తొలకరి వాసనా కాదు, రెంటికీ మధ్యలో ఏదో. అది ముక్కుకి తగలగానే నా కుడిచేతి వేళ్ళు నాలుగూ వాటంతటవే చివర్ల దగ్గర వంగాయి. డిస్కస్ అంచు పట్టుకునే వంపు అది. ముప్పయ్యేళ్ళ పైన అయింది నేను డిస్కస్ ముట్టుకుని. నాకు గుర్తు లేదు గానీ వేళ్ళకి గుర్తుంది.

ఆ పిల్ల నా చెయ్యి చూసి, "ఏంటి పెదనాన్నా, తిమ్మిరెక్కిందా?" అంది.

"లేదే, భీముడు గుర్తొచ్చాడు."

"ఛోటా భీమా?"

అవును మరి, వీళ్ళకి భీముడంటే హైదరాబాదులో తయారైన ఆ బొమ్మల పిల్లాడే, లడ్డూ తిని కండలు ఉబ్బించేవాడు. నేనేమీ సరిదిద్దలేదు. కానీ ఆ రోజంతా గ్రౌండు గట్టు మీద వేపచెట్టు కింద కూర్చుని నేను తలుచుకున్నది వేరే భీముణ్ణి. దూరదర్శన్ భీముణ్ణి. ప్రవీణ్ కుమార్ సోబ్తీని.

* * *

మా ఊరు ఉయ్యూరుకీ పామర్రుకీ మధ్యలో ఉంటుంది. చెరకు ఆడే రోజుల్లో గాలి మావైపు తిరిగితే ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ వాసన ఊళ్ళోకి వచ్చేది, బెల్లం మాడినట్టు. ఆదివారం పొద్దునంటే నాకు ఆ వాసనా, దాంతోపాటు స్టెబిలైజరు గుయ్యిమనే చప్పుడూ కలిసే గుర్తొస్తాయి.

వీధి మొత్తానికి రెండు టీవీలు. ఒకటి కరణంగారింట్లో, అక్కడికి పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. రెండోది రేషను డీలరుగారింట్లో. చెక్క తలుపులున్న టీవీ అది, చూడ్డం అయిపోగానే ఆవిడ తలుపులు మూసి పైన అల్లిన గుడ్డ కప్పేది, పూజగదికి చేసినట్టే. బ్లాక్ అండ్ వైట్. అయితే మచిలీపట్నంలో ఎవరో అమ్మారని తెరకి ముందు ఒక రంగుల ప్లాస్టిక్ రేకు తగిలించారు, పైన నీలం, మధ్యలో గులాబి, కింద పచ్చ. దాంతో భీష్ముడంతటివాడికి తల నీలంగా, కాళ్ళు పచ్చగా ఉండేవి. మాకు అదే కలర్ టీవీ.

1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ 24 దాకా నడిచింది బి.ఆర్. చోప్రా మహాభారతం. 94 భాగాలు. ఈ అంకెలన్నీ పెద్దయ్యాక తెలిసినవే, అప్పుడు నాకు తెలిసిందల్లా నేను ఏడో తరగతిలో ఉండగా మొదలై, తొమ్మిదికి వెళ్ళే వేసవిలో అయిపోయిందని. అందులో చాలా ఆదివారాలు మొదటి పాట నేను చూడనే లేదు. సన్నగా ఉంటానని, పిట్టగోడ ఎక్కగలనని యాంటెన్నా తిప్పే పని నాకు పడింది. డాబా మీద నేను, కిటికీ దగ్గర డీలరుగారబ్బాయి, లోపల జనం. "వచ్చిందా?" "గీతలొస్తున్నాయి!" "ఇప్పుడు?" "వచ్చింది వచ్చింది... పోయింది!" ఈలోపల కింద కథ చెప్పే కాలపురుషుడు మాట్లాడ్డం మొదలెట్టేవాడు, నేను మెట్లమీద నుంచి రెండేసి దూకుతూ వచ్చేసరికి నా జాగాలో ఎవరో కూర్చుని ఉండేవాళ్ళు.

హిందీ ఎవరికీ రాదు. మా పిన్నికి వచ్చు అనుకునేవాళ్ళం, హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రవేశిక దాకా రాసింది కాబట్టి. పిన్ని గుమ్మం పక్కన నిలబడి అనువాదం చేసేది. శకుని రెండు నిమిషాలు మాట్లాడితే పిన్ని "ఏదో కుట్ర చేస్తున్నాడు" అనేది. కృష్ణుడు మూడు నిమిషాలు మాట్లాడితే "మంచే చెబుతున్నాడు" అనేది. కథ అందరికీ కంఠతా వచ్చు కాబట్టి అంతకుమించి ఎవరూ అడగలేదు.

తాతయ్యకి మాత్రం ఆ భారతం ఆనలేదు. "పద్యాలేవిరా?" అని ఆయన మొదటి ప్రశ్న. రాయబారంలో కృష్ణుడు మామూలుగా మాట్లాడేసి వెళ్ళిపోతే ఆయనకి ఒళ్ళు మండిపోయింది. రాత్రి తెల్లవార్లూ హార్మోనియం మీద ఒక్కో పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టిన మనిషి మరి. ఒక్క భీముడు కనిపించినప్పుడు మటుకు కుర్చీలో ముందుకు జరిగేవాడు. "వీడు మనిషే" అనేవాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు.

దానికో కారణం ఉంది. భీముడి వేషం విషయంలో మా వైపు వాళ్ళని మెప్పించడం కష్టం. దండమూడి రాజగోపాలరావుగారిది ఉయ్యూరు పక్కనే గండిగుంట. బరువులెత్తడంలో దేశానికే పేరు తెచ్చిన మనిషి, 1948లో లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చాడు. ఆయనే 1963లో నర్తనశాలలో భీముడు. ఎస్వీ రంగారావు కీచకుణ్ణి ఒడిసిపట్టాలంటే మామూలు నటుడు సరిపోడు కదా. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. తాతయ్య ఆయన్ని ఉయ్యూరు సంతలో చూశానని చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా ఆయన ఛాతీ ఒక బెత్తెడు పెరుగుతూ ఉండేది. కాబట్టి "పంజాబువాడట, దండమూడికి సాటి రాడు గానీ, వీడూ మనిషే" అన్నాడంటే ఆ పంజాబాయన గెలిచినట్టే.

* * *

మా డ్రిల్లు మాస్టారు దగ్గర ఈ లెక్కలేవీ పనిచేసేవి కావు.

ఆయన గురించి చెప్పాలి. ఖాకీ నిక్కరు, తెల్ల బనీను, మెళ్ళో విజిలు. మద్రాసు వై.ఎం.సి.ఎ. కాలేజీలో ట్రైనింగయి వచ్చాడు. మా హైస్కూలుకి ఉన్న ఆట సామానంతా ఒక ట్రంకు పెట్టె, అందులో గాలి పోయిన వాలీబాల్, తుప్పు పట్టిన షాట్‌పుట్ గుండు, రెండు టెన్నికాయిట్ రింగులు, ఒకే ఒక్క డిస్కస్. చెక్క డిస్కస్, చుట్టూ ఇనప కమ్మీ, ఒకచోట కమ్మీ లేచి వేలికి గీసుకునేది. దానికాయన నెలకోసారి ఆముదం రాసేవాడు. ఆముదమూ తుప్పూ చెక్కా కలిసిన ఆ వాసన చేతులకి పట్టి అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు.

మొదటి పాండవుల భాగం వచ్చిన మర్నాడు, సోమవారం డ్రిల్లు పీరియడ్. మేమంతా తాటాకు మట్టలు గదల్లా భుజాన పెట్టుకుని ఎగురుతుంటే విజిలు ఊదాడు.

"ఎవర్రా మీరంతా?"

"భీముడండీ!" అన్నాం కోరస్‌గా.

"భీముడు కాదురా వాడు, డిస్కస్ వాడు."

మాకర్థం కాలేదు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన మద్రాసులో ఉండగా 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడలు జరిగాయట. డిస్కస్ త్రోలో బంగారం, హేమర్ త్రోలో కంచు, రెండూ ఒక్కడే తెచ్చాడు, పంజాబు కుర్రాడు, ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. అదే ఏడు జమైకాలో కింగ్‌స్టన్ కామన్వెల్త్ ఆటల్లో హేమర్‌లో వెండి. మరుసటేడు అర్జున అవార్డు. 1970లో మళ్ళీ బ్యాంకాక్, మళ్ళీ డిస్కస్ బంగారం. 1974 టెహ్రాన్‌లో వెండి. మధ్యలో మెక్సికో, మ్యూనిక్ రెండు ఒలింపిక్స్. ఇవన్నీ ఆయన దగ్గర ఒక నల్ల అట్ట నోటుబుక్కులో ఉన్నాయి. పేపర్లో పడిన దూరాలు సైతం మీటర్లలో ఎక్కించుకుని పెట్టుకున్నాడు. మన ఊళ్ళో మిరపకాయల రేటు రాసుకునేవాళ్ళు ఉంటారు, ఈయన ఆసియాలో ఎవడు డిస్కస్ ఎంత దూరం విసిరాడో రాసుకునేవాడు.

"నిన్న గద తిప్పాడు చూశారా? చేత్తో తిప్పాడా నడుంతో తిప్పాడా?"

ఎవరు చూశారు అవన్నీ! మేం గద సైజు చూశాం.

"వచ్చే ఆదివారం చూడండి. కాలు ఎక్కడ పెడుతున్నాడో చూడండి. హేమర్ అంటే ఏడు కిలోల పావు ఇనప గుండు, దానికో తీగె, తీగె చివర పిడి. పట్టుకుని గిరగిర తిరిగి వదలాలి. అది తిప్పినవాడికి ఈ అట్ట గద ఒక లెక్కా? వాడు బరువున్నట్టు నటించాలి, అదీ వాడికొచ్చిన కష్టం."

ఆ తర్వాత ఆదివారాలు నా చూపు మారిపోయింది. అందరూ భీముడి మీసం, భీముడి తిండి చూస్తుంటే నేను కాళ్ళు చూసేవాణ్ణి. దుర్యోధనుడికి తొడ విరిగే రోజున డీలరుగారింట్లో జనం లేచి నిలబడి ఈలలేస్తుంటే, నేను పిన్ని చెయ్యి సందులోంచి ఆయన ఎడమ పాదం ఎటు తిరిగిందా అని వెతుక్కుంటున్నాను. సరదా సగం పాడైందనే చెప్పాలి. మాస్టారి పుణ్యం.

* * *

డిస్కస్ విసిరేది చేతిబలంతో అనుకుంటారు తెలియనివాళ్ళు. మాస్టారు మొదటి రెండు నెలలు మాకు డిస్కస్ ఇవ్వలేదు. మేకు పాతి, ఒకటింబావు మీటరు తాడు కట్టి, రెండోకొసన పుల్లతో గుండ్రంగా గీత గీసేవాడు. రెండున్నర మీటర్ల వలయం. దాని మీద సున్నం. అందులో ఉత్త చేతుల్తో తిరగడమే పని. ఒకటిన్నర చుట్టు, ఎడమ కాలి మునివేళ్ళ మీద, తల ఆఖర్న తిరగాలి. కళ్ళు తిరిగి పడేవాళ్ళం. గట్టు మీద గేదెలు కాసే పిల్లలు చూసి పగలబడి నవ్వేవాళ్ళు, వీళ్ళకి దెయ్యం పట్టిందని. ఆఖరికి డిస్కస్ చేతికి ఇచ్చాక తెలిసింది, దాన్ని పట్టుకోవడమంటూ ఉండదు, వేళ్ళ చివర్ల మీద ఊరికే ఆనించి ఉంచుతాం, తిరుగుడుకి అదే అతుక్కుని ఉంటుంది. చూపుడువేలి మీదుగా చివర్న జారాలి. సరిగ్గా జారితే గాల్లో చప్పుడే ఉండదు. పక్షిలాగా పోతుంది. సరిగ్గా జారకపోతే పళ్ళెం పారేసినట్టు పల్టీలు కొడుతుంది.

ఇంకో నియమం ఉంది, దానిమీదే ఆయన ఎక్కువ తిట్టేవాడు. విసిరాక వలయం ముందు సగంలోంచి బయటకి రాకూడదు. డిస్కస్ నేలకి తగిలేదాకా లోపలే నిలబడి, వెనక సగంలోంచి నడిచి రావాలి. లేకపోతే ఎంత దూరం పడ్డా ఫౌలే.

పదో తరగతిలో నన్ను పోటీలకు తీసుకెళ్ళాడు. మొదటిది కాలు గీత తొక్కింది. రెండోది వలలాంటి తడికకి కొట్టుకుంది. మూడోది... అది నా జన్మలో విసిరిన వాటన్నిటికంటే బాగా పడింది. చప్పుడు లేదు. అది దిగుతూ ఉండగానే నాకు తెలిసిపోయింది, ఆనందం పట్టలేక చేతులు పైకెత్తి ముందుకు పరిగెత్తాను. ఎర్ర జెండా లేచింది. మూడుకి మూడూ ఫౌలు. మాస్టారు తిట్టలేదు. బస్సులో ఇంటికొచ్చేటప్పుడు వేరుశనక్కాయలు కొని సగం నాకిచ్చాడు. తిట్టి ఉంటేనే బాగుండేది.

* * *

ఆ తర్వాత ఆట పోయింది, కాలేజీ, ఉద్యోగం వేట, అవన్నీ అందరికీ ఉన్నవే. ప్రవీణ్ కుమార్ మాత్రం ఎక్కడో ఒకచోట తగులుతూ ఉండేవాడు.

సరిహద్దు భద్రతా దళంలో ఉద్యోగం ఆయనది, డిప్యూటీ కమాండెంట్ దాకా వెళ్ళాడు. నడుము నొప్పి వల్ల ఆట మానాల్సి వచ్చింది. విసిరేవాళ్ళందరికీ చివరికి పోయేది అదే, చెయ్యి కాదు. కాశ్మీరులో ఏదో టోర్నమెంటుకి వెళ్ళినప్పుడు మొదటి సినిమా అవకాశం వచ్చిందంటారు. ఇచ్చిన దర్శకుడు ఎవరో తెలుసా, రవికాంత్ నగాయిచ్. 1961లో ఎన్టీఆర్ తీసిన సీతారామ కళ్యాణానికి కెమెరా పట్టిన మనిషి, రావణుడి పది తలలూ తెరమీద నిలబెట్టింది ఆయనే. పౌరాణికాల్లో ట్రిక్కులు చేసి తలపండినవాడి కళ్ళకి ఆరున్నర అడుగుల మనిషి ట్రిక్కు అవసరం లేకుండా దొరికాడన్నమాట. అదీ మన చేతుల మీదుగా వెళ్ళిందే అని నాకో చిన్న గర్వం.

హిందీలో ఎక్కువగా రౌడీ వేషాలే. షహెన్‌షాలో అమితాబ్ చేత దెబ్బలు తినే పహిల్వాను ఆయనే. చోప్రాగారు భీముడి కోసం వెతుకుతున్నారని ఒక తెలిసినాయన చెబితే వెళ్ళి కలిశాడట. ఇంక వెతకలేదట. భీముడయ్యాక మళ్ళీ ఆయన్ని పెద్ద తెర మీద చూసింది నేను పామర్రు టాకీసులో, మైకేల్ మదన కామరాజు డబ్బింగ్ వచ్చినప్పుడు. కమల్‌హాసన్ నాలుగు వేషాలు వేసిన సినిమా అది. అందులో బాడీగార్డు భీంబాయ్ ఈయనే. కమల్ "భీంబాయ్! భీంబాయ్!" అని పిలిచినప్పుడల్లా హాలు పడిపడి నవ్వింది. నాకు ఒకపక్క నవ్వొస్తోంది, ఇంకోపక్క ఏదోలా ఉంది. రెండు బంగారు పతకాల మనిషి రా ఇతను, అని పక్క సీటువాడికి చెబుదామనిపించింది. చెప్పలేదు. బెంచీ టికెట్టులో ఎవడు వింటాడు.

ఇంకా తర్వాత హిందీలో చాచా చౌదరి సీరియల్ వస్తే అందులో రాక్షసుడంత సాబూ వేషం కూడా ఆయనదే. ఆ ఒంటికి మన వాళ్ళు వేరే వేషం ఇస్తారా.

* * *

2013లో నేను ఢిల్లీలో ఉన్నాను. స్టీలు సామాన్ల వ్యాపారం చేసే ఒకాయన దగ్గర కొనుగోళ్ళ పని. వారానికి రెండుసార్లు వజీర్‌పూర్ వెళ్ళేవాణ్ణి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు సాగదీసే మిల్లులు, వాటిని కడిగే యాసిడ్ తొట్లు, ఆ వీధుల్లో నడిస్తే గొంతు పట్టేసేది, రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగేవాళ్ళం. సన్న గొందుల్లో రేకుల చుట్టలు రిక్షాల మీద వేసుకుని తోస్తుండేవాళ్ళు, పక్కకి జరగకపోతే పిక్క తెగిపోతుంది.

ఎన్నికల కాలం. కొత్తగా వచ్చిన ఆమ్ ఆద్మీ పార్టీ, చీపురు గుర్తు. వజీర్‌పూర్ నియోజకవర్గానికి వాళ్ళ అభ్యర్థి ప్రవీణ్ కుమార్ అని తెలిసినప్పుడు నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన ఉండేది ఆ పక్కనే అశోక్ విహార్‌లో. ఇన్నేళ్ళూ నేను యాసిడ్ వాసన పీల్చుకుంటూ తిరిగింది భీముడి పేటలోనా!

మా ఆఫీసులో అక్కడి ఓటరు ఒకడున్నాడు. ఏమంటావు, వేస్తావా అని అడిగాను. "గద వదిలేసి చీపురు పట్టాడు, పాపం" అని నవ్వాడు. ఆ పాపంలోనే నాకు ఫలితం తెలిసిపోయింది.

మనకి ఇది వింతగా ఉంటుంది. పాండవ వనవాసంలో భీముడు వేసిన ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిపోయాడు, మా ఇంట్లో ఆ ఫలితాల రోజు తాతయ్య రేడియోకి దండ వేశాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. దానవీరశూరకర్ణలో భీముడు కైకాల సత్యనారాయణగారు 1996లో మా మచిలీపట్నం నుంచే ఎంపీ, నా మొదటి ఓటు ఆ ఎన్నికల్లోనే. ఉత్తరాది సీరియళ్ళ వాళ్ళు మాత్రం తక్కువా? రామాయణం సీత బరోడాలో గెలిచింది, రావణుడు సబర్‌కాంఠాలో గెలిచాడు, ఇద్దరూ ఒకే పార్టీ, ఒకే ఎన్నిక, 1991. ఈ భారతంలో కృష్ణుడు నితీశ్ భరద్వాజ్ 1996లో జంషెడ్‌పూర్ ఎంపీ. సీత గెలిచింది, రావణుడు గెలిచాడు, కృష్ణుడు గెలిచాడు. డిసెంబరు 8న లెక్కపెడితే మా భీముడు ఓడిపోయాడు. బీజేపీ అభ్యర్థి గెలిచాడు.

ఇందులో చేదు ఎక్కడుందంటే, ఆ ఏడు ఆ పార్టీకి 70లో 28 సీట్లు వచ్చాయి. అంతకుముందు వీధిలో కూడా ఎవరూ గుర్తుపట్టని కుర్రాళ్ళు, మొదటిసారి నిలబడ్డవాళ్ళు గెలిచారు. దేశమంతా గుర్తుపట్టే మనిషి నెగ్గలేదు. తర్వాత ఆయన బీజేపీలోకి మారాడు. 2015లో మళ్ళీ ఎన్నికలొస్తే చీపురుకి 70కి 67. వజీర్‌పూర్ కూడా అందులో ఉంది. మారకుండా ఉంటే? ఏమో, ఆయనకే టికెట్ ఇచ్చేవాళ్ళని మాత్రం ఏముంది. కానీ విసిరేవాళ్ళకి తెలుస్తుంది, ఒక్కోసారి వలయంలో ఇంకొక్క క్షణం నిలబడి ఉంటే సరిపోయేది.

ఫలితాలు వచ్చిన రాత్రి మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికి రిటైరై చాలా ఏళ్ళయింది, పెద్దబ్బాయి దగ్గర గుడివాడలో ఉంటున్నారు, వినికిడి తగ్గింది, రెండుసార్లు గట్టిగా చెప్పాలి.

"మాస్టారూ, మన ప్రవీణ్ కుమార్ ఎమ్మెల్యేగా నిలబడ్డాడండీ ఇక్కడ."

"ఎవరూ?"

"అదే మాస్టారూ, భీముడు... డిస్కస్ ఆయన."

"ఆఁ! ఏమైంది?"

"ఓడిపోయాడండీ."

కాసేపు ఏం వినపడలేదు. లైన్ తెగిందేమో అనుకున్నాను.

"ఫౌలు పడిందా, దూరం చాల్లేదా?"

"దూరమే చాల్లేదండీ."

"అయితే పర్లేదులే" అన్నారు. తర్వాత నా జీతం ఎంతని అడిగారు, ఢిల్లీలో చలి గురించి అడిగారు, చెవులకి గుడ్డ కట్టుకోమన్నారు.

ఆయన ఆ తర్వాత రెండేళ్ళు ఉన్నారు. నోటుబుక్కు సంగతి అడుగుదామని ప్రతిసారీ అనుకుని, వాళ్ళబ్బాయితో పరామర్శ మాటలు మాట్లాడి వచ్చేశాను. ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత కాగితాలతోపాటు వెళ్ళిపోయి ఉంటుంది.

* * *

2020లో లాక్‌డౌన్ పెట్టిన వారం మళ్ళీ వేశారు మహాభారతం, డీడీ భారతిలో. అప్పటికి నేను ఊరికి వచ్చేశాను. అమ్మా నేనూ రోజూ రెండు పూటలా కూర్చుని చూశాం. మొదటిసారి నిజమైన రంగుల్లో. దుశ్శాసనుడి రొమ్ము చీల్చే చోట రక్తం ఎర్రగా ఉంటుందని నాకు నలభై దాటాక తెలిసింది, మా చిన్నప్పుడు అది నల్లగా, డీలరుగారి ప్లాస్టిక్ రేకు వల్ల అడుగున పచ్చగా ఉండేది. అమ్మ నిద్రలో జోగుతూ, "మీ తాతయ్య ఉంటే పద్యాలేవని అడిగేవాడు" అంది. నేను మాత్రం మళ్ళీ పాదాలే చూశాను. ఇప్పుడు ఆపి, వెనక్కి తిప్పి చూసే వీలుంది కదా. మాస్టారు చెప్పింది నిజమే. గద పైకి లేవకముందే మడమ తిరుగుతుంది. ముందు మడమ, తర్వాత తుంటి, ఆ తర్వాతే భుజం. ఎప్పుడో మానేసిన ఆట ఆయన ఒంట్లోంచి పోలేదు.

2021 చివర్లో ఒక వార్త చూశాను. పతకాలు తెచ్చిన ఆటగాళ్ళకి ఇచ్చే పింఛను పంజాబు ప్రభుత్వాలు తనకి ఇవ్వలేదని ఆయన చెప్పుకున్నాడు. బీఎస్ఎఫ్ పింఛను ఉంది, అది వేరు. డెబ్భై నాలుగేళ్ళ వయసులో ఆయన అడిగింది భీముడిగా కాదు, డిస్కస్ వాడిగా. ఆ వార్త కింద ఫొటో మాత్రం కిరీటంతో ఉన్నదే వేశారు.

2022 ఫిబ్రవరి 6 ఆదివారం లతా మంగేష్కర్ పోయారు. దేశమంతా ఆ దుఃఖంలో ఉంది, ఏ టీవీ పెట్టినా ఆవిడ పాటే. మర్నాడు రాత్రి అశోక్ విహార్‌లో ఆ ఇంట్లోనే గుండె ఆగి ప్రవీణ్ కుమార్ పోయాడు. మంగళవారం పేపర్లో వెతికితే లోపలి పేజీలో కనిపించింది. శీర్షికలో భీముడే. చివరి పేరాలో ఒక వాక్యం, క్రీడాకారుడు కూడా, అని.

"కూడా" అట. ఆ పేపరు పట్టుకుని నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? తాతయ్య లేడు, మాస్టారు లేరు. పిన్నికి చేశాను. "అయ్యో, భీముడు పోయాడా? ఎంత బాగా హిందీ మాట్లాడేవాడో" అంది పిన్ని, అప్పట్లో ఆయన మాటలన్నీ మాకు "కోపంగా ఉన్నాడు" అని ఒకే ముక్కలో చెప్పిన పిన్ని.

* * *

పదకొండు దాటాక పిల్లని పిలిచారు. ఇప్పటి డిస్కస్సులు ప్లాస్టిక్‌వి, ఎర్రరంగు, ఏ వాసనా లేదు. వాళ్ళ కోచ్ ఫోన్లో వీడియో తీస్తున్నాడు, ఎవరో కుర్రాడు టేపు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. మొదటిది కాలు గీత తొక్కింది. నా ప్రాణం ఉసూరుమంది. రెండోది పళ్ళెంలా పల్టీలు కొట్టి పక్క గీత అవతల పడింది.

మూడోదానికి ముందు నా వైపు చూసింది. ఏం చెప్పాలో తెలియక, తల ఆఖర్న తిప్పమని చేత్తో సైగ చేశాను. అర్థమైందో లేదో.

తిరిగింది. వదిలింది. చప్పుడు లేదు.

డిస్కస్ ఇంకా గాల్లోనే ఉంది, గట్టు మీద వాళ్ళ స్నేహితురాళ్ళు అప్పుడే కేకలు మొదలుపెట్టారు. పిల్ల ఊగింది, ముందు కాలు గీత దాకా వెళ్ళి, చేతులు అటూ ఇటూ చాపి, ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. అవతల దుమ్ము లేచింది. కుర్రాడు మేకు గుచ్చాడు. అప్పుడు మెల్లగా వెనక్కి తిరిగి, వెనక గీత మీదుగా బయటకి నడిచి, బూట్లకంటిన సున్నం ప్యాంటు వెనక తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఆకలేస్తోంది పెదనాన్నా, వేరుశనక్కాయలు తెచ్చావా?" అంది.